నొక్కితే పడే తాళం

*పొద్దెక్కింది. పాత ఇంటి వరండా నిండా అల్లికకు వచ్చిన వైరు కుర్చీలు. వీధి తలుపుకు బయట తాళం. తలుపుకు లోపల అక్క, బయట తమ్ముడు.*

“అక్కా, తలుపు తియ్యి.”

“ఎలా తియ్యనురా? తాళం వేసింది నువ్వు.”

“ఈ తలుపు కాదు. పెరటి తలుపు. గడియ నీ వైపేగా ఉంది.”

“ఉంది. ఉన్నచోటే ఉంటుంది.”

“నువ్వు లోపలున్నావని నాకేం తెలుసు? ఈపాటికి బడికి కుర్చీలు అప్పజెప్పడానికి వెళ్ళిపోతావుగా. ప్రతివారం వెళ్తావుగా.”

“ఈ వారం వెళ్ళలేదు.”

“ఎందుకు వెళ్ళలేదు?”

“నా కాళ్ళు, నా ఇష్టం. అయితే నేను లేని వేళ చూసి తాళం వేద్దామనే వచ్చావన్నమాట.”

“అలా కాదు.”

“ఎలా మరి?”

“అలా కాదంటున్నానుగా!”

“ఎలా కాదో చెప్పు, వింటాను. ఒళ్ళో కుర్చీ ఉంది, పక్కన వైరు చుట్ట ఉంది, కుండలో నీళ్ళున్నాయి. నాకేం తొందర లేదు.”

“నాకుంది తొందర. ఇంకాసేపట్లో ఆయన వచ్చేస్తాడు.”

“ఏ ఆయన?”

“బట్టల కొట్టాయన. ఇల్లు చూడ్డానికి.”

“చూసుకోమను. బయటినుంచి బాగానే కనిపిస్తుంది.”

“అక్కా, నా మాట విను. పెరటి దారిన చల్లగా బయటికొచ్చి పక్కింటి పిన్నిగారి దగ్గర కాసేపు కూర్చో. ఒక్క గంట. ఆయన చూసి వెళ్ళిపోగానే నేనే వచ్చి పిలుస్తాను.”

“ఆయనకి ఏమని చెప్పావు?”

“ఏమని చెప్తాను? ఇల్లు అమ్ముతున్నామని.”

“‘అమ్ముతున్నాము’ అంటే ఎవరెవరురా?”

“...ఇల్లు ఖాళీగా ఉందని చెప్పాను.”

“నేనెక్కడికి పోయానట?”

“నువ్వు చిన్నదాని దగ్గరికి వెళ్ళిపోయావని.”

“చిన్నదాన్ని అడిగావా?”

“అడగడానికేముంది? సొంత చెల్లెలు. నిన్ను కాదంటుందా?”

“దానివి రెండు గదులు. అందులో అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు. నన్ను అటకమీద పెట్టమంటావా, పాత బొంతలా?”

“నా వాటాలోంచి నీకు—”

“నీ వాటా సంగతి నువ్వు చూసుకో. నా వాటా మీద తాళం ఎందుకు వేశావు?”

“నీ ఒక్కదాని వాటా మీద వెయ్యలేదు. ఇంటికి వేశాను.”

“అదే అడుగుతున్నా. నా వాటాను తప్పించి వెయ్యి చూద్దాం.”

“వాదన మొదలుపెట్టావా ఇక! నీతో మాట్లాడటం కంటే బస్సు నిండా చిల్లర లేనివాళ్ళతో మాట్లాడటం నయం.”

“ఇది నీ బస్సు కాదురా, మధ్యలో ఈల వేసి దించెయ్యడానికి.”

“అక్కా!”

“ముందు తాళం తియ్యి. తీస్తే మాట్లాడుకుందాం.”

“నువ్వు ముందు పెరటి తలుపు తియ్యి.”

“వెధవ తాళం నువ్వే వేశావుగా, నువ్వే తియ్యి. చెవి ఏది?”

“ఉంది.”

“ఎక్కడుంది?”

“ఉందిలే.”

“జేబులోనా?”

“ఇంట్లో ఉంది.”

“ఏ ఇంట్లో?”

“మా ఇంట్లో! ఇంకే ఇంట్లో? ఏం ప్రశ్నలివి?”

“మీ ఇంట్లో ఉంటే ఫోన్ చేసి తెప్పించు. మీ ఆవిడ తెచ్చిస్తుంది.”

“ఫోన్లో ఛార్జింగు లేదు.”

“ఇందాక ఎవరితోనో ‘వచ్చెయ్యండి సార్, వచ్చెయ్యండి’ అన్నావు.”

“అప్పుడుంది. ఇప్పుడు అయిపోయింది.”

“ఒరే.”

“ఊ.”

“ఆ తాళం వరండాలో మేకుకి వేలాడేది కదూ? నాన్న కొన్న నొక్కుడు తాళం? అది చెవి లేకుండానే పడుతుంది. తియ్యాలంటే మాత్రం చెవి కావాలి. ఆ చెవి పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదా? ఒకటి కాలవలో పడింది. రెండోదాని కోసం ఇల్లంతా తిరగేశాం. అందుకే ఆ తాళం మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. అది తెలిసే వేశావా, మరిచిపోయి వేశావా?”

“ఖాళీ ఇంటికి తాళం కనిపిస్తే చాలనుకున్నాను. ఇవాళ బయటినుంచి చూపించి బయానా తీసుకుంటే, లోపల చూపించేది తర్వాత కదా అని.”

“కొత్త తాళం కొనడానికి కూడా చెయ్యి రాలేదన్నమాట. మేకుకి వేలాడుతోంది, ఊరికే వచ్చింది, నొక్కేశావు. అచ్చం నాన్నే.”

“నాన్నని ఎందుకు లాగుతావు?”

“తాళాలు బాగుచేసేవాడిని పిలవరాదూ? సందు చివరే కూర్చుంటాడు.”

“పిలిస్తే నలుగురూ పోగవుతారు. ‘అక్కని లోపల పెట్టి తాళం వేశాడు’ అంటారు.”

“వెయ్యలేదా?”

“కావాలని వేశానా?”

“నన్ను బయట పెట్టి వేద్దామనుకున్నావు. పొరపాటున లోపల పెట్టి వేశావు. అంతేగా తేడా?”

“నీకు నవ్వులాటగా ఉంది.”

“నవ్వకేం చెయ్యను? ఏడిస్తే నీకు వినిపిస్తుంది. సరేగాని, వరండాలో ఆ రెండు నీలం కుర్చీలూ ఎదురెదురుగా ఎవరు జరిపార్రా?”

“ఏ కుర్చీలు?”

“పొద్దున్నే చూశాను. ఎవరో రెంటినీ కలిపి మంచంలా చేసుకుని పడుకున్నట్టున్నారు. ఒకదాని వైరు సాగి ముడులు ఊడొచ్చాయి.”

“నాకేం తెలుసు? కుక్కలు పడుకుని ఉంటాయి.”

“కుక్కలు కుర్చీలు జరుపుకుంటాయా?”

“నన్నెందుకడుగుతావు? నేనిప్పుడేగా వచ్చింది.”

“మెట్ల పక్కన ఆ సంచీ ఎవరిది?”

“ఏ సంచీ?”

“కిటికీ సందులోంచి కనిపిస్తోంది. గళ్ళ సంచీ. జిప్పు పాడై తాడుతో కట్టింది.”

“డ్యూటీ సంచీ.”

“అంత పెద్దదా? టిక్కెట్లతో పాటు బస్సుని కూడా అందులోనే పెట్టుకుంటావా?”

“అబ్బబ్బా! నువ్వు కుర్చీలల్లుతున్నావా, ఉద్యోగం మారి పోలీసుల్లో చేరావా? అక్కా, సూటిగా చెప్తున్నాను. నాన్న పోయి రెండేళ్ళయింది. నువ్వొక్కదానివే ఇంట్లో ఉంటున్నావు. ముగ్గురి ఇల్లు నువ్వొక్కదానివే అనుభవిస్తున్నావు. నేనేమన్నా అన్నానా ఇన్నాళ్ళూ?”

“అనలేదు.”

“నీకు పెళ్ళి చేసి పంపించాం. నీ తలరాత బాగాలేక తిరిగొచ్చావు. నాన్న జాలిపడి ఉండనిచ్చాడు. ఆ జాలి ఆయనతోనే పోయింది. అంతే.”

“ఇంకోసారి అను.”

“ఏది?”

“ఆ జాలి మాట.”

“...తప్పేముంది అందులో?”

“నేను జాలికి ఉన్నదాన్ని కానురా. అద్దెకీ ఉన్నదాన్ని కాను. నాన్న మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టాను, పక్క మార్చాను. కానీ అందుకని కూడా కాదు నేనిక్కడ ఉండటం. అవి చెప్పుకుని అడుక్కోవడం లేదు. ఆయనకి నువ్వెంతో నేనూ అంతే, చిన్నదీ అంతే. అందుకే ఉన్నాను. వినపడిందా? తలుపు మందంగా ఉంది, ఇంకాస్త గట్టిగా చెప్పనా?”

“వినపడింది. వీధంతా వినపడింది.”

“ఇప్పటిదాకా ‘ఆడపిల్ల అరవకూడదు’ అని నోరు నొక్కారు. ఇవాళ నువ్వే తాళం వేసి పుణ్యం కట్టుకున్నావు. తలుపు వెనకుంటే గొంతు బాగా లేస్తోంది.”

“చిన్నది ఒప్పుకుంది. నువ్వొక్కదానివే అడ్డం.”

“చిన్నది ఒప్పుకుందా?”

“ఆఁ.”

“ఏమని?”

“‘అన్నయ్యా, నీ ఇష్టం’ అంది.”

“ఆ తర్వాత మాట మింగేశావు. ‘అన్నయ్యా, నీ ఇష్టం, కానీ అక్క కాదంటే నేనూ కాదంటాను’ అంది. నిన్ననే ఫోన్ చేసి చెప్పింది నాకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ముగ్గురి ఇల్లు ఒక్కడివే అమ్మకానికి పెట్టావు. పైగా పాత తాళం ఒకటి దానికి.”

“అక్కా... నీకు దండం పెడతాను. ఇవాళ ఒక్కరోజు. నీకు అర్థం కాదు. నాకు అవసరం.”

“ఏం అవసరం?”

“ఉంది.”

“చెవి లాంటిదేనా ఇదీ? ‘ఉందిలే’ అనడమేనా?”

“ఊరుకో, ఊరుకో. ఆయన వస్తున్నాడు. దయచేసి నోరెత్తకు.”

“కండక్టరుగారూ!”

“రండి సార్, రండి. ఇల్లు కనుక్కోవడం కష్టమైందా?”

“అబ్బే, లేదు. మీరు చెప్పిన గుర్తులు దొరకలేదు గాని, ‘ఓ కుర్చీలక్క ఇల్లా, అదిగో’ అని సందు మొదట్లోనే చూపించారు. ఎవరండీ ఈ కుర్చీలక్క?”

“అదా సార్... ఇదివరకు ఉండేది ఇక్కడ. ఇప్పుడు లేదు.”

“పోయిందా పాపం?”

“ఆఁ... అంటే... పోయింది.”

“పోలేదండీ!”

“ఎవరది?”

“రేడియో సార్. పక్కింటివాళ్ళది. ఎప్పుడూ గట్టిగా పెడతారు.”

“అలాగా. ఇంతకీ ఈ కుర్చీలన్నీ ఏంటి?”

“తీయించేస్తాను సార్. తాళం చూశారుగా, ఇల్లు ఖాళీయే. నిలబడ్డారేంటి? కూర్చోండి, ముందు కూర్చోండి.”

“ఒరే, ఆ నీలం దాంట్లో కూర్చోబెట్టకు! వైరు ఊడుంది!”

“కండక్టరుగారూ, మీ పక్కింటి రేడియోకి ఈ కుర్చీ రంగెలా తెలిసిందండీ?”

“అది... నాటకం సార్. నాటకంలో కూడా కుర్చీయే. మీరు కూర్చోండి, పరవాలేదు—”

“అమ్మో! అబ్బా! నా నడుము!”

“పడ్డాడా? నే చెప్పానా!”

“సార్, సార్, చెయ్యి ఇవ్వండి... అలా కాదు, ముందు కాలు బయటికి లాగండి...”

“నా కాలు సంగతి తర్వాత! లోపల మనిషున్నారండీ! అమ్మా, ఎవరమ్మా లోపల?”

“కుర్చీలక్కనండీ. పోయినదాన్ని.”

“ఇదేంటండీ ఇది? లోపల మనిషిని పెట్టి బయట తాళం వేశారా? ఖాళీ ఇల్లన్నారు!”

“సార్, మా అక్కే సార్. చిన్న పొరపాటు. ఆవిడ ఇవాళో రేపో వెళ్ళిపోతుంది.”

“వెళ్ళనండీ.”

“అమ్మా, మీరు ఇష్టపడి అమ్ముతున్నారా?”

“లేదండీ.”

“ఇందులో మీకు వాటా ఉందా?”

“మాకు ముగ్గురికీ ఉంది. నాకు, మీ ముందు నిలబడ్డవాడికి, మా చెల్లెలికి. మా నాన్న ఏ రాతకోతలూ లేకుండా పోయాడు.”

“అయితే ఇందులో మీ గది ఏదమ్మా?”

“అన్నీ నావేనండీ. అన్నీ వాడివే. అన్నీ మా చెల్లెలివే. పంచుకోని ఇంట్లో ఈ గోడ నీది, ఆ కిటికీ నాది అని ఉండదటండీ. ఇప్పుడు మీరు పడ్డారే, ఆ చోటులో కూడా ముగ్గురికీ భాగం ఉంది.”

“ఎవరు చెప్పారమ్మా?”

“వకీలమ్మని అడిగాను. వీడు అమ్ముతానని గొణగడం మొదలుపెట్టాక వెళ్ళి అడిగొచ్చాను.”

“నువ్వు వకీలు దగ్గరికి వెళ్ళావా? నా మీద?”

“నీ మీద కాదు, నా కోసం. నువ్వు ఊరుకో, ఆయనతో మాట్లాడనీ. ఏవండీ, వాడి వాటా ఒక్కటీ కొనుక్కుంటానంటే కొనుక్కోండి, వద్దనడానికి నేనెవర్ని? కానీ పంపకం తేలేదాకా బయటివాళ్ళు లోపలికొచ్చి కాపురం పెట్టడం కుదరదట. నేను వెళ్ళను. మా చెల్లి సంతకం పెట్టదు. పంపకానికి మీరు కోర్టుకెక్కాలి. కోర్టు తేల్చేలోగా మీ కొట్లో కుర్చీలన్నీ నేను రెండుసార్లు అల్లిపెడతాను.”

“సార్, ఆవిడ మాటలు పట్టించుకోకండి. నేను సర్దిచెప్తాను. ఒక్క వారం ఆగండి.”

“కండక్టరుగారూ, నేను ఇల్లు కొందామని వచ్చాను, జగడం కొందామని రాలేదు. అందులోనూ ఇంటావిణ్ణి లోపల పెట్టి తాళం వేసిన ఇల్లు! రేపు నా మీదా కేసు పడుతుంది. నేను వెళ్తాను.”

“సార్, ఒక్కమాట—”

“మాటలు చాలు. అమ్మా, మీరు క్షేమమేనా? ఎవర్నైనా పిలవమంటారా?”

“అక్కర్లేదండీ. నా ఇంట్లో నేనున్నాను. నడుముకి దెబ్బ తగల్లేదుగా?”

“తగిలింది.”

“మీ కొట్లో కుర్చీలుంటే పంపండి. ఆ ఒక్క కుర్చీ చూసి నా పనికి వంక పెట్టకండి. దాన్ని ఎవరో పాడుచేశారు.”

“చూద్దాంలెండి. వస్తాను.”

“సార్! సార్... వెళ్ళిపోయాడు.”

“వెళ్ళిపోయాడా?”

“వెళ్ళిపోయాడు. తృప్తిగా ఉందా? ముంచేశావు. నన్ను నిలువునా ముంచేశావు.”

“నేనా?”

“కాక నేనా? నోరు మూసుకుని ఒక్క గంట ఉండమన్నాను. ఒక్క గంట! సొంత తమ్ముడికి గంట ఇవ్వలేకపోయావు.”

“గంటేగా అని నన్ను పెరట్లోంచి పంపేవాడివి. ఆ గంటలో ఇల్లు ఖాళీ అయ్యేది. సాయంత్రం నేనొచ్చేసరికి బయానా నీ జేబులో ఉండేది, గుమ్మానికి ఆయన తాళం ఉండేది. అప్పుడు నేను ఇదే వరండాలో నిలబడి ‘బాబూ, తలుపు తియ్యి’ అనాలి. అవునా కాదా?”

“నీకు ఎలాగోలా చూసేవాణ్ణి.”

“నన్నెవరూ చూడక్కర్లేదు. నేను కనిపిస్తూనే ఉన్నాను. కనిపించడం లేదని తాళం వేసింది నువ్వు.”

“సరే. నాదే తప్పు. అంతా నాదే తప్పు. తాళాలవాణ్ణి పిలుచుకొస్తాను. నలుగురూ నవ్వితే నవ్వనీ.”

“ఆగు.”

“ఏంటి?”

“ఒకటి అడుగుతాను, ‘ఉందిలే’ అనకుండా చెప్పు. మనింట్లో ఎవరూ ఎవరికీ తాళం వేసి ఎరగరు. నాన్న నిన్ను కొట్టాడు, తిట్టాడు, అన్నం మానేస్తే బతిమాలాడు. తలుపెప్పుడూ వెయ్యలేదు. మనిషి లేని వేళ చూసి గుమ్మానికి తాళం వెయ్యడం నువ్వెక్కడ నేర్చుకున్నావురా?”

“ఎక్కడా నేర్చుకోలేదు.”

“ఎక్కడ?”

“వదిలెయ్యి అక్కా.”

“ఎక్కడరా?”

“...మా బామ్మర్దులు వేశారు.”

“ఎవరికి?”

“నాకే. డ్యూటీ నుంచి వచ్చేసరికి వాళ్ళింట్లో మేముండే గదులకి తాళం ఉంది. నా బట్టలు సంచీలో పెట్టి గుమ్మం బయట పడేశారు. ‘ఇది మా ఇల్లు, మా చెల్లెలు ఉంటుంది, పిల్లలుంటారు, నువ్వు రావద్దు’ అన్నారు.”

“ఆవిడేమంది?”

“కిటికీలోంచి చూసింది.”

“ఏమీ అనలేదా?”

“‘నీకంటూ ఓ ఇల్లు చూసుకుని పిలువు, వస్తాను’ అంది. అందుకే. ఇది అమ్మితే నా వాటాతో ఎక్కడో ఓ గూడు చూసుకుందామని. నీ మీద కోపంతో కాదు. ఒట్టు.”

“ఎన్నాళ్ళయింది?”

“పది రోజులు. డిపోలో పడుకునేవాణ్ణి. నిన్న అక్కడా పొమ్మన్నారు.”

“నాకు చెప్పడానికి నోరు రాలేదా?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాన్న పోయిననాటి నుంచి ‘నువ్వు ఊరికే ఉంటున్నావు, ఊరికే ఉంటున్నావు’ అని నిన్ను సతాయించినవాణ్ణి. ఇప్పుడొచ్చి ‘నన్నూ ఊరికే ఉండనివ్వు’ అననా?”

“కింద చూడు.”

“ఎక్కడ?”

“తలుపు కింద. ఏదో వస్తోంది, తీసుకో.”

“ఇది... ఇది చెవి!”

“ఆ తాళానిదే. నాన్న పక్క దులుపుతుంటే దొరికింది.”

“ఇది నీ దగ్గరే ఉందా ఇంతసేపూ? నేనిక్కడ చచ్చి చెడుతుంటే?”

“అడిగావా? తలుపు తియ్యమన్నావు. పిన్నిగారింటికి పొమ్మన్నావు. నోరు మూసుకోమన్నావు. చెవి ఉందా అని ఒక్కసారైనా అడిగావా?”

“నువ్వసలు... నువ్వసలు...”

“తియ్యి. ఎడమకి తిప్పాలి. గట్టిగా తిప్పకు, విరుగుతుంది.”

“వచ్చింది. తీశాను. ఇక బయటికి రా.”

“నేనెందుకు రావాలి? నువ్వే లోపలికి రా. ఆ తాళం మేకుకి తగిలించు. చెవి నాకిచ్చెయ్యి. ఆ డ్యూటీ సంచీ కూడా తెచ్చుకో.”

“అక్కా...”

“నీ పాత గది తెల్లారగానే ఊడ్చాను. అందుకే ఇవాళ బడికి పోలేదు. ఊళ్ళోవాళ్ళ కుర్చీల మీద ముడుచుకుని పడుకున్నావు, చిన్నప్పటిలాగే, నోరు తెరుచుకుని. లేపుదామనుకున్నాను. ఈలోగా లేచి సందు దాటేశావు. మళ్ళీ వస్తావులే అనుకున్నాను గాని, తాళం నొక్కడానికొస్తావనుకోలేదు.”

“నన్ను ఉండనిస్తావా? ఇంత చేశాక?”

“ఉండనివ్వడానికి నేనెవర్నిరా? పోయినవారం ఒళ్ళు మండి, ‘వాడే గనక వస్తే మెడపట్టి బయటికి గెంటెయ్యొచ్చా’ అని వకీలమ్మని అదీ అడిగాను. కుదరదంది.”